సొంత సైటుకి హ్యూగోనా, జెకిలా, ఆస్ట్రోనా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉండి గ్రాఫిక్ డిజైన్ పనులు చేస్తున్నాను. పూతరేకుల అట్టపెట్టెలు, పెళ్లి కార్డులు, రొయ్యల మేత షాపుల బోర్డులు, ఈమధ్య హైదరాబాద్ వాళ్లవి రెండు మూడు లోగోలు. ఇవి కాక మా కాలువల గురించి, తీర్థాల గురించి ఫేస్‌బుక్‌లో తెలుగులో రాస్తుంటాను. పని చూపించుకోవడానికి ఇంగ్లీషులోనూ, రాతలకి తెలుగులోనూ ఒకే సైటు కావాలి. స్టాటిక్ సైట్ జనరేటర్ వాడమని మా అన్నయ్య చెప్పాడు. అక్కడి నుంచి టెన్షన్ మొదలైంది. హ్యూగో అని ఒకరు, జెకిల్ అని ఒకరు, ఆస్ట్రో అని ఇంకొకరు అంటున్నారు. గాట్స్‌బీ, ఎలెవెంటీ కూడా చూశాను. సంక్రాంతి నుంచి చూస్తూనే ఉన్నాను, ఒక్క పేజీ పెట్టలేదు. నా ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్, విండోస్. వానాకాలం వస్తే మాకు కరెంటూ నెట్టూ నమ్మకం లేదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ కొంచెం వచ్చు, ప్రోగ్రామింగ్ రాదు. డబ్బు ఎక్కువ పెట్టలేను. ఏడాది తిరిగేసరికి మళ్లీ మార్చుకునే పని లేకుండా ఏది తీసుకోమంటారు?

జవాబు: హ్యూగో తీసుకోండి. పాత ల్యాప్‌టాప్, రెండు భాషలు, నమ్మకం లేని నెట్టు... మీరు రాసిన ఈ మూడు సంగతులూ కలిపి చూస్తే నాకు ఆ పేరే కనిపిస్తోంది. ఇదే ప్రశ్న మంచి కంప్యూటర్, మంచి నెట్టు ఉన్న ఇంకొకరు అడిగితే జవాబు వేరేగా ఉండొచ్చు. అందుకే ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. రేపు ఎవరైనా వచ్చి "అదెందుకు, ఇది వాడు" అంటే మీరే తేల్చుకోగలగాలి.

ఈ టూల్స్ అన్నీ చేసే పని దాదాపు ఒకటే. మీరు మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాస్తారు. ఫైల్ పైభాగంలో శీర్షిక, తేదీ, ట్యాగులు వేస్తారు. కింద అసలు విషయం మార్క్‌డౌన్‌లో ఉంటుంది. మార్క్‌డౌన్ అంటే 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన చిన్న పద్ధతి. లైను ముందు హ్యాష్ గుర్తు పెడితే హెడ్డింగ్, మాటకి అటూ ఇటూ రెండేసి నక్షత్రం గుర్తులు పెడితే బోల్డ్. ఒక పూటలో వచ్చేస్తుంది. జనరేటర్ ఈ ఫైళ్లన్నీ చదివి, మీరు పెట్టుకున్న డిజైన్‌లో అమర్చి, హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేసి ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ ఫోల్డర్‌ని నెట్‌లోకి ఎక్కిస్తే అదే సైటు. వెనక డేటాబేస్ ఉండదు, లాగిన్ పేజీ ఉండదు. ప్లగిన్లు (అదనపు సదుపాయాలిచ్చే చిన్న ప్రోగ్రాములు) అప్‌డేట్ చేయడం మర్చిపోతే ఎవరో దూరతారన్న భయమూ ఉండదు. సర్వర్ మీద భారం తక్కువ కాబట్టే ఇలాంటి సైట్లని ఫ్రీగా పెట్టుకోనిస్తున్నారు.

మీకున్న అసలు భయం మళ్లీ మార్చుకోవాల్సి వస్తుందేమోనని. దానికి నా జవాబు ఇది: టూల్ ఎప్పుడో ఒకప్పుడు మారుతుంది, మీ రాత మారకూడదు. శుభ్రమైన మార్క్‌డౌన్‌లో రాసుకుంటే ఆ ఫైళ్లు హ్యూగోలో నుంచి ఎలెవెంటీకి పోతాయి, ఆస్ట్రోకీ పోతాయి. కొత్తగా చేసుకోవాల్సింది డిజైన్ ఒక్కటే. హ్యూగోలో షార్ట్‌కోడ్స్ అని ఒక సదుపాయం ఉంది. ఫొటో గ్యాలరీ, వీడియో లాంటివి వ్యాసం మధ్యలో చిన్న కోడ్‌తో పెట్టుకోవచ్చు. చూడటానికి బాగుంటుంది గానీ ఆ కోడ్ హ్యూగోకి తప్ప వేరే దేనికీ అర్థం కాదు. వ్యాసాల్లో వాటిని వీలైనంత తక్కువ వాడండి. ఫొటో పెట్టడానికి మార్క్‌డౌన్‌లో ఉన్న మామూలు పద్ధతి చాలు.

ఇక మిగతావి ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. గాట్స్‌బీని పక్కన పెట్టేయండి. అది రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ మీద నడుస్తుంది, గ్రాఫ్‌క్యూఎల్ అనే సమాచారం అడిగే భాష కూడా తెలియాలి. పైగా 2023లో దాన్ని నెట్లిఫై అనే వెబ్ హోస్టింగ్ కంపెనీ కొనుక్కున్నాక పని బాగా నెమ్మదించింది. కొత్త సైటు దాంతో మొదలుపెట్టడానికి కారణమేమీ కనిపించడం లేదు.

జెకిల్ మంచి టూల్. 2008లో వచ్చింది. దాన్ని తయారుచేసిన టామ్ ప్రెస్టన్ వెర్నర్ గిట్‌హబ్ (కోడ్ ఫైళ్లు దాచుకుని పంచుకునే సైటు) పెట్టినవాళ్లలో ఒకరు. అందుకే గిట్‌హబ్ వాళ్ల ఫ్రీ హోస్టింగ్ అయిన గిట్‌హబ్ పేజెస్ జెకిల్ సైట్లని తనంతట తానే తయారుచేస్తుంది. మీ మెషీన్లో ఏమీ ఎక్కించకుండా, ఫోన్ బ్రౌజర్లోనే ఫైల్ రాసి సేవ్ చేస్తే సైటు మారుతుంది. ఒకే భాషలో రాసేవాళ్లకి, ల్యాప్‌టాపే లేనివాళ్లకి నేను ఇప్పటికీ దాన్నే చెబుతాను. మీకు చిక్కు ఎక్కడంటే, జెకిల్‌లో రెండు భాషల ఏర్పాటు పుట్టుకతో లేదు. ప్లగిన్ కావాలి. గిట్‌హబ్ పేజెస్ తనంతట తాను ఒప్పుకునే ప్లగిన్ల జాబితాలో అలాంటివి లేవు. అప్పుడు మళ్లీ జెకిల్ నడిచే రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష ఎక్కించుకుని, వేరే దారిలో బిల్డ్ చేసుకోవాలి, అంటే పేజీలు తయారుచేసుకోవాలి. విండోస్‌లో రూబీ, దానికి కావాల్సిన సరంజామా, ఒకదానితో ఒకటి పొసగని వెర్షన్లు... ప్రోగ్రామింగ్ రాదంటున్న మీకు ఆ తలనొప్పి ఎందుకండీ.

ఎలెవెంటీ, ఆస్ట్రో రెండూ నోడ్ అనే ప్రోగ్రామ్ (కంప్యూటర్లో జావాస్క్రిప్ట్ నడిపేది) మీద నడుస్తాయి. ఆస్ట్రో 2021లో వచ్చింది, ఇప్పుడు అందరి నోటా అదే. మీకు ఒకరు దాని పేరు చెప్పారంటే ఆశ్చర్యం లేదు. నిజంగానే బాగుంటుంది. పేజీలోకి అనవసరంగా జావాస్క్రిప్ట్ పంపదు, ఎక్కడ కావాలో అక్కడే పెడుతుంది. మీ సైట్‌లో మౌస్ కదిపితే తిరిగే బొమ్మలు, రంగులు మార్చి చూసుకునే డెమోలు ఉండాలనుకుంటే ఆస్ట్రో చూడమనేవాణ్ణి. కానీ నోడ్ ప్రాజెక్టు మొదలుపెట్టగానే చిన్నా పెద్దా ప్యాకేజీలు వందల్లో దిగుతాయి. 4 జీబీ ర్యామ్‌లో బ్రౌజరూ, ఎడిటరూ, డిజైన్ సాఫ్ట్‌వేరూ, దాంతోపాటు ఇదీ నడవాలంటే మెషీన్ మూలుగుతుంది. ఆరు నెలలు ముట్టుకోకుండా వదిలేసి మళ్లీ తెరిస్తే ఏదో ప్యాకేజీ అప్‌డేట్ అడుగుతుంది. అది దిగడానికి నెట్టు కావాలి. నెట్టు ఉండదనే కదా మీరు చెప్పింది.

హ్యూగో ఒకే ఒక్క ఫైలు. 2013లో స్టీవ్ ఫ్రాన్సియా గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు, తర్వాత వేరేవాళ్లు ముందుకు తీసుకెళ్తున్నారు. విండోస్ కోసం ఉన్న జిప్ ఫైల్ దింపుకుని విప్పితే ఒక ప్రోగ్రామ్ ఫైల్ ఉంటుంది, అంతే. దింపేటప్పుడు ఎక్స్‌టెండెడ్ అని ఉన్నది తీసుకోండి, కొన్ని థీములు (రెడీమేడ్ డిజైన్లు) దాన్ని అడుగుతాయి. ఇంకే భాషా, ఇంకే ప్యాకేజీలూ అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో హ్యూగో సర్వర్ అని టైప్ చేసి, బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 1313 తెరిస్తే మీ సైటు మీ మెషీన్లోనే కనిపిస్తుంది. ఒక అక్షరం మార్చి సేవ్ చేస్తే పేజీ దానంతట అదే మారుతుంది. పదుల్లో పేజీలున్న సైటైతే సెకను కూడా పట్టదు. దీనికి నెట్టుతో పని లేదు. ఆగస్టులో గోదావరి పోటెత్తి సెల్ టవర్లు మూగబోయినా, బ్యాటరీ ఉన్నంతసేపు రాసుకోవచ్చు, డిజైన్ సరిచేసుకోవచ్చు. సిగ్నల్ వచ్చిన రోజున పైకి పంపితే సరిపోతుంది. పంపేది కూడా ఎక్కువగా టెక్స్టే కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ చాలు.

జోలా అని ఇంకోటి ఉంది, అదీ ఒకే ఫైలు, రెండు భాషలూ వస్తాయి. థీములు తక్కువ కాబట్టి మీకు చెప్పడం లేదు.

హ్యూగోతో ఇబ్బందులు లేవని కాదు. దాని టెంప్లేట్ భాష, అంటే పేజీ అమరిక ఎలా ఉండాలో రాసే భాష, కొత్తవాళ్లని హడలగొడుతుంది. బ్రాకెట్ల మధ్య చుక్కలతో మొదలయ్యే మాటలు, ఎక్కడ ఏ చుక్క దేన్ని చూపిస్తోందో తెలియదు. ఎర్రర్ వస్తే ఆ మెసేజ్ చదివినా సగం అర్థం కాదు. అందుకే మొదటి ఏడాది టెంప్లేట్ల జోలికి పోకండి. ఒక థీమ్ తీసుకుని రంగులు, ఫాంట్లు, ఎడాలు మాత్రం సీఎస్‌ఎస్‌తో మార్చుకోండి, అది మీకు వచ్చిన విద్యే. థీమ్‌లోని ఏదైనా ఫైల్ మార్చాల్సి వస్తే థీమ్ ఫోల్డర్‌లో చెయ్యి పెట్టకుండా, ఆ ఫైల్‌ని అదే పేరుతో మీ సొంత లేఅవుట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడ మార్చండి. హ్యూగో ముందు మీదే చూస్తుంది. రెండో ఇబ్బంది వెర్షన్లది. హ్యూగో తరచూ కొత్త వెర్షన్ తెస్తుంది, ఒక్కోసారి పాత థీములు దానికి సరిపడవు. మీ సైటు ఏ వెర్షన్‌తో బాగా నడుస్తోందో ఆ నంబర్ రాసి పెట్టుకోండి, ఆ జిప్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. అవసరం లేకుండా మార్చకండి. థీమ్‌ని గిట్ సబ్‌మాడ్యూల్‌గా (వేరే చోటున్న ఫైళ్లకి ముడిపెట్టే పద్ధతి) పెట్టమని అన్నిచోట్లా రాస్తారు. మొదటిసారి చేసేవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. థీమ్ జిప్ దింపుకుని థీమ్స్ ఫోల్డర్‌లో విప్పి పెట్టుకోండి, చాలు. పేపర్‌మాడ్ అనే థీమ్ తేలిక, సాదా. దాంతో మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు రెండు భాషల సంగతి. హ్యూగోలో ఇది ఇలా ఉంటుంది: పి.గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువ నీటిని దాటించే వంతెన) మీద మీరు రాసిన వ్యాసానికి ఒక ఫోల్డర్ పెట్టి, అందులో ఇండెక్స్ ఫైల్ పేరు చివర తెలుగుకైతే టీఈ అని, ఇంగ్లీషుకైతే ఈఎన్ అని చేరుస్తారు. ఫొటోలు కూడా ఆ ఫోల్డర్‌లోనే. రెండు ఫైళ్లూ ఉంటే ఆ పేజీలో భాష మార్చుకునే లింకు వస్తుంది. ఒక్కటే ఉంటే ఆ భాషలో మాత్రమే కనిపిస్తుంది. ప్రతి వ్యాసాన్నీ రెండు భాషల్లో రాయాలన్న ఒత్తిడి పెట్టుకోకండి. తెలుగు రాతలు తెలుగులోనే ఉండనివ్వండి. పని చూపించే పేజీలు మాత్రం రెండింటిలోనూ పెట్టండి. ఆత్రేయపురంలో పూతరేకుల పెట్టె వేయించుకునే ఆయనకి తెలుగు పేజీ కావాలి, హైదరాబాద్ వాళ్లకి ఇంగ్లీషు పేజీ కావాలి. సెట్టింగ్స్‌లో మొదటి రోజే ఒక పని చేయండి: ముఖ్య భాష కూడా సొంత సబ్‌ఫోల్డర్‌లోనే ఉండాలని చెప్పే ఆప్షన్ ఆన్ చేయండి. అప్పుడు తెలుగుకి ఒక దారి, ఇంగ్లీషుకి ఒక దారి స్పష్టంగా ఉంటాయి. రెండేళ్ల తర్వాత ముఖ్య భాష మార్చాలనిపించినా పాత లింకులు చెడవు.

లింకులంటే గుర్తొచ్చింది. ఫైల్ పేర్లు, పేజీ అడ్రసులు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. భాషాభిమానం లేక చెప్పడం లేదు, ఒకసారి చూడండి. కోనసీమ అన్న మాటని అడ్రసులో తెలుగులో పెడితే బ్రౌజర్లో బాగానే కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అతికిస్తే చాలాసార్లు ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు మూడేసి పర్సెంట్ గుర్తులూ అంకెలూ అయి తొమ్మిది క్యారెక్టర్లకి సాగుతుంది. ఆ ఒక్క మాటే 54 క్యారెక్టర్లు. పూర్తి శీర్షికైతే లింకు నాలుగు లైన్లు పడుతుంది, మధ్యలో ఎక్కడో తెగుతుంది, చూసినవాళ్లు వైరస్ అనుకుని నొక్కరు. శీర్షిక తెలుగులో, అడ్రసు చిన్నగా ఇంగ్లీషు అక్షరాల్లో. ఒకసారి పెట్టిన అడ్రసు మార్చకండి. తప్పనిసరై మారిస్తే ఏలియాసెస్ అనే లైన్‌లో పాత అడ్రసు రాయండి, పాత లింకు నొక్కినవాళ్లని హ్యూగో కొత్త చోటికి పంపుతుంది.

థీములన్నీ ఇంగ్లీషు అక్షరాలని చూసి కొలిచి కుట్టిన చొక్కాలు. తెలుగుకి కొన్నిచోట్ల విప్పి మళ్లీ కుట్టాలి, ఇది డిజైనర్‌గా మీరు శ్రద్ధ పెట్టాల్సిన చోటు. లైన్ల మధ్య ఎడం ముందు చూడండి. ఇంగ్లీషుకి 1.5 సరిపోయే చోట తెలుగుకి 1.7 లేదా 1.8 కావాలి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడిదీర్ఘాలకి తగులుతాయి. "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటలు పెట్టి పరీక్షించండి. కొటేషన్లకి థీములు ఇటాలిక్ వేస్తాయి. చాలా తెలుగు ఫాంట్లకి ఇటాలిక్ ఉండదు కాబట్టి బ్రౌజర్ అక్షరాలని బలవంతంగా వాల్చేస్తుంది, చూడలేం. అది తీసేసి పక్కన ఒక రంగు గీత పెట్టుకోండి. హెడ్డింగుల్లో అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ ఉంటే సున్నా చేయండి. మండలి, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు అందంగా ఉంటాయి గానీ వాటిలో ఒకే మందం ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజర్ దొంగ బోల్డ్ వేస్తుంది. అందుకని వ్యాసానికి నోటో సెరిఫ్ తెలుగు లేదా నోటో సాన్స్ తెలుగు, హెడ్డింగులకి రామభద్ర వాడి చూడండి (దానిదీ ఒకే మందం, పుట్టుకతోనే లావు, కాబట్టి అక్కడ బోల్డ్ ఆపేయండి). ఫాంట్ ఫైళ్లు మీ సైటులోనే పెట్టుకోండి. పేజీ భాష తెలుగని హెచ్‌టీఎంఎల్‌లో సరిగ్గా పడుతోందో లేదో కూడా చూసుకోండి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి, సెర్చ్ ఇంజన్‌కి అది పనికొస్తుంది. "ఇంకా చదవండి", "తర్వాతి పేజీ" లాంటి మాటలు థీమ్‌లోని ఐ18ఎన్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఇంగ్లీషు ఫైల్‌ని కాపీ చేసి తెలుగు ఫైల్ తయారుచేసుకోండి. ఎన్ని నిమిషాల్లో చదవొచ్చో చూపించే లెక్క ఆపేయండి. నిమిషానికి 200 పైచిలుకు పదాల చొప్పున ఇంగ్లీషు అలవాటుతో వేసే లెక్క అది, మన పదాలు పొడుగు.

మీరు డీటీపీ పని కూడా చేస్తారు కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. మన దగ్గర పెళ్లి కార్డులు, బోర్డులు చాలావరకు అను ఫాంట్లలోనే చేస్తారు. ఆ మ్యాటర్ కాపీ చేసి మార్క్‌డౌన్ ఫైల్‌లో పెడితే తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ వస్తాయి. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు. పాత మ్యాటర్ వాడాలంటే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులూ అరసున్నాలూ ఒక్కో లైనూ చదివి సరిచూసుకోవాలి. కొత్తగా రాసేవి ఫోన్లో జీబోర్డ్‌తోనో, విండోస్‌లో తెలుగు కీబోర్డ్‌తోనో నేరుగా యూనికోడ్‌లో కొట్టండి. కార్డు డిజైన్‌లో ఉన్న తెలుగు ఎలాగూ బొమ్మగానే వెళ్తుంది, దాంతో పేచీ లేదు.

ఫేస్‌బుక్‌లో ఉన్న మీ పాత రాతల గురించి. సెట్టింగ్స్‌లో మీ సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. అక్కడ ఫైల్ రకం అడుగుతుంది, హెచ్‌టీఎంఎల్ అని ఎంచుకోండి. జేసన్ అని ఎంచుకుంటే తెలుగంతా చెదిరి తలమీద గీతలున్న పరాయి అక్షరాలుగా వస్తుంది, దాన్ని మళ్లీ బాగుచేయడానికి చిన్న ప్రోగ్రామ్ రాయాలి. హెచ్‌టీఎంఎల్‌లో చక్కగా చదవొచ్చు, కాపీ చేసుకోవచ్చు. అన్నీ తేకండి. మళ్లీ చదివితే ఇప్పటికీ మీకు నచ్చేవి ఏరి, పాత తేదీలతోనే పెట్టండి. రాసింది ఎప్పుడో చదివేవాళ్లకి తెలియాలి.

తేదీలతో ఒక చిక్కుంది. మన వైపు కొత్తవాళ్లు దీనితోనే జుట్టు పీక్కుంటారు. కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల ఫొటోలు తీసి, పొద్దున్న 9 గంటలకి పోస్ట్ పెట్టి, తేదీ పక్కన టైము 9 అని వేశారనుకోండి. ఏ దేశపు టైమో చెప్పకపోతే హ్యూగో దాన్ని యూటీసీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైము) అనుకుంటుంది. అంటే మనకి మధ్యాహ్నం రెండున్నర. ఇంకా రాని టైము కాబట్టి ఆ పోస్ట్‌ని పక్కన పెట్టేస్తుంది. ఎర్రర్ రాదు, ఏమీ చెప్పదు. సైటులో పోస్ట్ ఉండదు. రెండున్నర దాటాక కూడా మీరు మళ్లీ బిల్డ్ చేసేదాకా రాదు. సెట్టింగ్స్ ఫైల్‌లో టైమ్ జోన్ దగ్గర ఏషియా కోల్‌కతా అని రాస్తే ఈ గొడవ ఉండదు. అలాగే కొత్త ఫైల్ తయారుచేసినప్పుడు డ్రాఫ్ట్ ట్రూ అని ఉంటుంది, దాన్ని ఫాల్స్ చేయకపోయినా పోస్ట్ కనిపించదు. పోస్ట్ మాయమైతే ముందు ఈ రెండూ చూడండి.

ఫొటోలకి వద్దాం. ఫోన్లో తీసిన ఫొటో ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటుంది. అలాగే పెడితే మీ ఊళ్లోనే పేజీ తెరుచుకోదు. వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫైల్ రకంలో సేవ్ చేసి పెట్టండి, 200 కేబీ దాటకుండా చూడండి. ఫోన్ ఫొటోల్లో తీసిన చోటు వివరాలు దాగి ఉంటాయి. ఇంటి దగ్గర తీసినవైతే ఎగుమతి చేసేటప్పుడు ఆ సమాచారం తీసేయండి. పెళ్లి కార్డుల విషయంలో ఇంకా జాగ్రత్త. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు అన్నీ కార్డు మీదే ఉంటాయి. వాళ్లు మీకు కార్డు వేయమని ఇచ్చారు, లోకానికి చూపించమని ఇవ్వలేదు. అడగండి. ఒప్పుకున్నా సరే, పేర్లూ నంబర్లూ మార్చిన ప్రతి తయారుచేసి అదే పెట్టండి. షాపులవాళ్లు మాత్రం సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్ల పేరు పైకి వస్తుంది కదా.

పనులు ఎన్ని పెట్టాలి అని మీరు అడగలేదు గానీ చెబుతాను. ఎనిమిదో, పదో చాలు. ఒక్కోదానికి మూడు నాలుగు వాక్యాలు రాయండి: వాళ్లు ఏం కావాలన్నారు, మీరు ఏం చేశారు, ఎందుకలా చేశారు. పూతరేకుల పెట్టె అయితే లోపల రేకులు విరగకుండా ఎంత ఎత్తు పెట్టారు, నెయ్యి మరక బయటికి కనబడకుండా ఏ అట్ట వాడారు, ఇవి రాయండి. పెన్సిల్‌తో వేసిన మొదటి స్కెచ్ ఒకటి పక్కన పెట్టండి. పని ఇచ్చేవాళ్లు నమ్మేది దాన్నే. అందమైన బొమ్మలు అందరి దగ్గరా ఉంటాయి, ఆలోచన ఎలా నడిచిందో చూపించేవాళ్లు తక్కువ.

సైటుని ఎక్కడ పెట్టాలంటే గిట్‌హబ్ పేజెస్‌తో మొదలుపెట్టండి. డబ్బు అక్కర్లేదు. సైటు 1 జీబీ దాటకూడదు, నెలకి 100 జీబీ మేర ట్రాఫిక్ అని ఒక హద్దు ఉంది. మీకు అవి చాలా ఎక్కువ. మీ యూజర్‌నేమ్ పక్కన డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ అని పేరు పెట్టి రిపాజిటరీ (గిట్‌హబ్‌లో మీ సైటు ఫైళ్లుండే ఫోల్డర్) తెరవండి. వేరే పేరు పెడితే అడ్రసు చివర ఆ పేరు తగులుకుంటుంది, హ్యూగో సెట్టింగ్స్‌లో బేస్ యూఆర్‌ఎల్ (సైటు అసలు అడ్రసు) దానికి సరిపోకపోతే సైటు డిజైన్ ఏమీ లేకుండా తెల్ల కాగితం మీద నల్ల అక్షరాల్లా వస్తుంది. పేజెస్ సెట్టింగ్స్‌లో గిట్‌హబ్ యాక్షన్స్ (ఫైల్ మారగానే సైటుని తనంతట తానే తయారుచేసే ఏర్పాటు) ఎంచుకుంటే హ్యూగోకి సిద్ధంగా ఉన్న ఫైల్ ఇస్తారు. అందులో హ్యూగో వెర్షన్ నంబర్ ఉంటుంది, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న నంబరే అక్కడా వేయండి. ఆ తర్వాత బస్సులో ఉండి ఫోన్లో అచ్చుతప్పు దిద్దినా సైటు దానంతట అదే మారుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఫ్రీ ఖాతాలో పేజెస్ వాడాలంటే రిపాజిటరీ అందరికీ కనిపించేలా ఉండాలి. డ్రాఫ్ట్ అని పెట్టినవి సైటులో కనిపించకపోయినా రిపాజిటరీలో ఎవరైనా చదవొచ్చు. ఒరిజినల్ డిజైన్ ఫైళ్లు, సగం రాసినవి, క్లయింట్ల కాగితాలు అందులో పెట్టకండి. అది ఇబ్బంది అనుకుంటే క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ చూడండి, అక్కడ రిపాజిటరీ ప్రైవేటుగా ఉంచుకుని కూడా ఫ్రీగా పెట్టుకోవచ్చు.

డబ్బు ఒక్క చోట పెట్టండి, సొంత డొమైన్‌కి. డాట్ ఇన్ అయితే ఏడాదికి కొన్ని వందల రూపాయలు. రేపు గిట్‌హబ్ వదిలి ఇంకో చోటికి వెళ్లినా, హ్యూగో వదిలి ఇంకో టూల్‌కి వెళ్లినా అడ్రసు మీదే. విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకున్నది మార్చక్కర్లేదు. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూసి కొనండి. ఖాతా మీ పేరు మీద, మీ మెయిల్‌తో ఉండాలి. అన్నయ్య కొనిపెట్టినా సరే, అడ్రసు మీ చేతిలో ఉండాలి.

స్టాటిక్ సైటులో కాంటాక్ట్ ఫారం దానంతట అది పనిచేయదు, వెనక సర్వర్ లేదు కాబట్టి. మీకు ఫారం అవసరమూ లేదు. మన వైపు పని ఇచ్చేవాళ్లు ఫారం నింపరండి, వాట్సాప్‌లో "హలో మేడం" అని పెడతారు. నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే లింకు పెట్టండి, నంబర్ ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు వద్దు. ఇంటి నంబర్ కాకుండా పనికి వేరే సిమ్ ఉంటే మంచిది. మీ సైటు లింకు ఎక్కువగా తిరిగేది కూడా వాట్సాప్‌లోనే. లింకు పంపగానే కింద చిన్న బొమ్మ, శీర్షిక రావాలి. పేపర్‌మాడ్ ఆ ఏర్పాటు చేస్తుంది. ప్రతి పేజీకి కవర్ బొమ్మ, రెండు లైన్ల వివరణ మీరు ఇస్తే చాలు. బొమ్మ రాకపోతే బేస్ యూఆర్‌ఎల్ మళ్లీ చూడండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.

సెర్చ్, ట్యాగుల పేజీ, డార్క్ మోడ్, విజిటర్ల లెక్క, ఇవేవీ ఇప్పుడు వద్దు. ఈ వారం మీరు పెట్టాల్సినవి మీ గురించి ఒక పేజీ, మూడు పనులు, ఒక తెలుగు వ్యాసం. అన్నిటికన్నా ముందు మీ ల్యాప్‌టాప్‌లో 1313 దగ్గర చూసుకోండి. తర్వాత పైకి ఎక్కించి, వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో తక్కువ ధర ఫోన్ ఒకటి అడిగి తీసుకుని దాంట్లో తెరవండి. అక్కడ ఒత్తులు సరిగ్గా పడి, ఫొటోలు తొందరగా వస్తే డొమైన్ కొనండి. ఏదైనా దగ్గర ఆగిపోతే స్క్రీన్‌పై వచ్చిన ఎర్రర్ పూర్తిగా కాపీ చేసి, హ్యూగో వెర్షన్ నంబర్‌తో సహా రాయండి.